ఎడమ ఊపిరితిత్తి కేసు

ఎమ్మిగనూరు పక్క పత్తి చేలలో కూలికి పోయే ఏసన్న కూతురు పల్లవి. ఆదోని దగ్గర మెడికల్ కాలేజీలో సీటు తెచ్చుకుంది. చేరిన కొత్తలో ఆమెకు చదువు మీదున్న ఆకలి అన్నం మీద లేదు. ఛాతీ మీద ఒక వేలు ఆనించి, ఇంకో వేలితో తట్టి, లోపల గాలి ఉందో నీరుందో శబ్దాన్ని బట్టి చెప్పడం నేర్చుకోవాలని హాస్టల్లో కనబడిన బిందెనల్లా తట్టేది. కళ్లు మూసుకుని నీళ్లు ఎందాకా ఉన్నాయో చెప్పేది. చేతిపని చేస్తేనే చేతికి వస్తుంది.

తోటివాళ్లు వార్డు గుమ్మంలో ఫోనుకు ముఖం చూపించి హాజరు వేసుకుని, పీజీ ఎంట్రెన్స్ వీడియోలు చూసుకోను లైబ్రరీకి పోయేవాళ్లు.

ఆ కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలకు కొత్త రోగుల్ని వెతకరు. హొళగుంద ఊరి దుర్గప్ప లాంటి పాతవాళ్లకే కబురు పంపుతారు. పరీక్ష అయినాక అన్నం పెట్టి బస్సెక్కిస్తారు. ఎప్పుడో టీబీ వచ్చి ఎడమ ఊపిరితిత్తి ముడుచుకుపోయిన మనిషి దుర్గప్ప. పిల్లలు మంచం దగ్గరికి రాగానే జవాబు ఆయనే చెప్పేస్తాడు.

"ఎడమ పక్కది పాపా, పైన. రాసుకో. అందరూ అట్లే రాస్తారు."

పల్లవి వినలేదు. ఆయన్ను కూర్చోబెట్టి వీపంతా తట్టింది. ముందే రాసి ముగించిన క్లాస్‌మేట్ మాధవ్ పక్కన నిలబడి నవ్వినాడు.

"జవాబు ఆయప్ప నోట్లోనే ఉంటే, ఈపు మీద తలుపు తడతాండావేందే! తీస్తారా లోపలోళ్లు?"

ఎడమ పక్క పైన ఆయన చెప్పినట్టే ఉంది. కుడి పక్క కింద మాత్రం వేలికింద బండ తగిలినట్టయింది. నీరు చేరింది. కొత్తది. పల్లవి రెండూ రాసింది.

పరీక్ష పెట్టే సారు కుర్చీలోంచి లేవలేదు.

"కుడి పక్క ఏముందమ్మా? ఏండ్ల నుంచి ఇది ఎడమ కేసే."

"ఒక్కసారి మీరు తట్టి చూడండి సార్."

"నాకు నేర్పిస్తావా?"

పల్లవిని ఫెయిల్ చేసినాడు. మళ్లీ పెట్టే పరీక్షలో కూడా పోతే యూనివర్సిటీ పరీక్షకు కూర్చోనివ్వరు. ఏడాది పోతుంది. ఆ మాట ఏసన్నకు చెప్పే ధైర్యం ఆమెకు లేదు.

నెల తిరిగాక మళ్లీ అదే సారు, అదే మంచం, అదే దుర్గప్ప. ఈసారి మనిషి ఊపిరాడక ఎగపోస్తున్నాడు. పల్లవిని గుర్తుపట్టి చెయ్యి పట్టుకున్నాడు.

"పాపా, నీవు తట్టిన్నావే, ఆ కుడిపక్కే నొస్తాంది. ఇంకోసారి సూడు."

పల్లవి సారు వైపు చూసింది. చెయ్యి మెల్లగా విడిపించుకుంది.

"ఎడమ పక్కదే కదప్పా నీది?"

దుర్గప్ప ఆమె ముఖంలోకి చూసి, అర్థమైనవాడిలా తలూపినాడు.

"ఎడమదే లే పాపా. రాసుకో."

వీపు మీద చెయ్యి పెట్టకుండానే రాసింది. సారు చదివి మెచ్చుకోలుగా నవ్వినాడు.

"ఇప్పుడు దారిలో పడినావు."

పరీక్షంతా ముగిసి బయటికొచ్చాక, కుడి పక్క నీరు సంగతి వార్డు డాక్టర్లలో ఎవరికైనా చెబుదామని మళ్లీ వార్డుకు పరిగెత్తింది. మంచం మీద దుప్పటి మారుస్తున్నారు. దుర్గప్పను హొళగుంద బస్సెక్కించేసినారంట.

మరుసటి పొద్దున పల్లవి వార్డు గుమ్మంలో ఫోనుకు ముఖం చూపించి, మాధవ్ వెనకాలే లైబ్రరీకి పోయింది.