ఇలోనా ఇచ్చిన కోట బొమ్మ

ఈ ఉదయం మా ఆయన పాప పుస్తకానికి అట్ట వేద్దామని పాత క్యాలెండర్ మీద కత్తెర పెట్టగానే చేతిలోంచి లాక్కున్నాను. ఆయన బిత్తరపోయారు.

తొంభైల్లో దోహాలో పెరిగినవాళ్ళారా, మన పుస్తకాలన్నిటికీ క్యాలెండర్ అట్టలే కదా! అక్కడి అల్ మన్సూరా పేటలో మా పై ఫ్లాట్‌లో ఉండే హంగరీ అమ్మాయి ఇలోనా, వాళ్ళ దేశం వెళ్ళిపోతూ నాకొక క్యాలెండర్ ఇచ్చింది. అందులో వాళ్ళ అమ్మమ్మ ఊరు, కొండ మీద పాత రాతికోట. కోట కింద ఒక ఇంటికి పెన్నుతో చుక్క పెట్టి, "ఇక్కడికి రా" అంది.

వారం తిరక్కుండా నాన్న దాన్ని నా లెక్కల పుస్తకానికి అట్టగా వేశాడు. బొమ్మ లోపలికి, తెల్లవైపు పైకి. నేను ఏడిస్తే, "ఏడాది అయిపోయిన క్యాలెండరేగా! యల్లా, పద పద, బస్సొస్తుంది" అన్నాడు. నన్నొక్క మాట అడిగితే ఆయన సొమ్మేం పోయేది?

ఇప్పటికీ ఫోన్లో హంగరీ కోటలు వెతుకుతుంటాను. నోరు తిరగని ఆ ఊరి పేరు బొమ్మ కింది అంచున ఉండేది. ఎక్కువైందని నాన్న కత్తిరించి పారేసింది ఆ అంచునే.