పదకొండు ఆకులు, ముప్పై మాత్రలు

విశాఖపట్నంలో హెచ్.ఐ.వి. ఉన్నవాళ్లకు మందులిచ్చే కేంద్రం ఒకదానికి నేను నెలకోసారి వెళ్తాను. మా వీధిలో జాకెట్లు కుట్టే ఒకమ్మాయికి తోడు. ఆమె పేరు ఇక్కడ రాయను. వరండాలో ఫినాయిల్ వాసన, లోపలి గదిలోంచి స్పిరిటు వాసన, తెల్ల ప్లాస్టిక్ సీసా మూత తిప్పగానే వచ్చే చేదు మందు వాసన, ఈ మూడూ కలిసి ముక్కుకు తగిలితే నాకు పదేళ్ల వయసు గుర్తొస్తుంది. పోయినేడాది ఒకరోజు నెల తిరక్కుండానే ఆ అమ్మాయి ఖాళీ సీసా పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. లోపలున్న నర్సు వరుసలో అందరికీ వినపడేలా, "పదిహేను రోజులకే ఎలా అయిపోయాయమ్మా? అమ్ముకున్నావా, పారబోశావా?" అంది. ఆ అమ్మాయి తల దించుకుంది. అప్పుడు లోపలి నుంచి కాస్త వయసున్న కౌన్సెలర్ ఒకావిడ వచ్చి, మమ్మల్ని తన గదిలో కూర్చోబెట్టి, తలుపు వేసి, ఎందుకు అయిపోయాయని మామూలు గొంతుతో అడిగింది. "మా ఆయనకీ సగం ఇత్తన్నానండి. ఆయనకీ ఉంది. లైన్లో నిలబడితే ఎవలైనా సూత్తారని రాడు" అని ఆ అమ్మాయి చెప్పేసింది. ఆ నెలలోనే భర్తకు కూడా కార్డు రాశారు. ఇప్పుడు ఎవరి సీసా వాళ్లకుంది. బస్సులో తిరిగి వస్తున్నప్పుడు నాకు సంతోషం కలగాల్సింది. కోపం వచ్చింది. ఆ కోపం ఆ నర్సు మీద కాదు, ఇప్పటిదీ కాదు.

డెబ్భైల మొదట్లో మా నాన్న చింతపల్లికి అవతల, కాఫీ తోటల మధ్య ఉన్న ఒక చిన్న ప్రభుత్వాసుపత్రిలో కాంపౌండరు. ఆసుపత్రి వెనకే మా క్వార్టరు, రెండు గదులు, రేకుల కప్పు. వానాకాలం ఆ రేకుల మీద పడే వాన చప్పుడుకు ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడక సైగలు చేసుకునేవాళ్లం. మార్గశిరం వచ్చేసరికి లంబసింగి వైపు నుంచి దిగే చలికి తెల్లవారుజామున గడ్డి మీద తెల్లటి పొర కట్టేది. దాని మీద వేలితో పేర్లు రాసి, వేలు కొంకర్లు పోతే పరుగెత్తుకొచ్చి కుంపటి దగ్గర కూర్చునేవాళ్లం. కొండవాలు నిండా వలిసె పూలు పసుపు పచ్చగా ఉండేవి. వేసవిలో ఒక్క జల్లు పడితే చాలు, వారం తిరక్కుండా కాఫీ చెట్లన్నీ తెల్లగా పూసి, ఆ వాసనకు అమ్మకు తలనొప్పి వచ్చేది. అడవి తీగకు కాసే అడ్డకాయలు నిప్పుల్లో వేస్తే టపాసుల్లా పేలేవి. ఆ పేలుడుకు భయపడనట్టు నటించడమే మా ఆట, లోపలి పిక్కలు మా బహుమతి.

అడ్డపిక్కలు తెచ్చిచ్చేది సోంబారి. సోమవారం పుట్టింది కాబట్టి ఆ పేరు. రెండు గంటలు ఎక్కితే గానీ చేరలేని కొండ మీద పదకొండు గడపల ఊరు ఆమెది. మొగుడు చనిపోయాడు, పిల్లలు లేరు. ప్రతి సంతకూ విస్తళ్లు కుట్టే అడ్డాకు కట్టలు, కొండచీపుళ్లు, పిప్పళ్లు తలమీద పెట్టుకుని దిగేది. సంత అయ్యాక మా పెరటి గట్టు మీద కూర్చుని అమ్మ పోసిన మజ్జిగ తాగేది. ఆమె గ్లాసు వేరే ఉండేది, చూరులో దోపి. అది మా ఇంటి పద్ధతి. అప్పట్లో నాకు తప్పుగా తోచలేదు, అందుకే ఇప్పుడు దాచకుండా చెబుతున్నాను. నేను ఆమెను సోంబారప్ప అని పిలిచేదాన్ని. చలికి ముడుచుకుని కూర్చుంటే, "ఏటే గుంటా, ముక్కు ఊడి కుంపట్లో పడిపోతాదేటి? బేగి లెగు, పరుగెట్టు" అని తరిమేది. ఆకులు కుట్టడం, జలగను ఉప్పుతో రాల్చడం, ఏ పుట్టగొడుగు తినొచ్చో, ఏది తినకూడదో ఆమే నేర్పింది.

ఒక సంతరోజు ఆమె దగ్గి నోటికడ్డం పెట్టుకున్న కొంగు మీద ఎర్రటి మరక నాన్న కంటపడింది. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. కఫం పరీక్ష చేశారు. క్షయ అని తేలింది.

క్షయ రోగులు ఆ ఆసుపత్రి గడప తొక్కకూడదు. బయట పనసచెట్టు కింద వాళ్లకొక బల్ల. డాక్టరు వరండాలోనే నిలబడి, ముక్కుకు రుమాలు పెట్టుకుని, పది అడుగుల దూరం నుంచి ప్రశ్నలు వేసేవాడు. మందు కిటికీలోంచి ఇచ్చేవారు. వాన పడినా వాళ్లు ఆ బల్ల దగ్గరే నిలబడాలి. ఆ రోజుల్లో అందరూ అలాగే ఉన్నారని అంటారు. నేను ఒప్పుకోను. అదే కిటికీలోంచి పాము కరిచినవాళ్లను, మెట్టు జారి కాలు విరిగినవాళ్లను "లోపలికి రండి" అని పిలవడం కూడా నేను చూశాను.

మొదట రెండు నెలలు రోజూ సూదిమందు. నాన్న గాజు సిరంజిని స్టౌ మీద మరగబెట్టి, పనసచెట్టు కిందికి వెళ్లి పొడిచేవాడు. జ్యేష్ఠం నుంచి శ్రావణం దాకా, పచ్చి వానల్లో, మధ్యలో పొంగే గెడ్డ దాటి, రోజూ రెండు గంటలు దిగి రెండు గంటలు ఎక్కి, ఆ మనిషి అరవై సూదులూ వేయించుకుంది. ఒక్కరోజు తప్పలేదు. గెడ్డ మరీ పొంగిన రోజున పై నుంచి చుట్టూ తిరిగి సాయంత్రానికి చేరింది. రెండు నెలలకు దగ్గు తగ్గింది, బుగ్గలు కాస్త నిండాయి. "సూత్తన్నావా గుంటా, మళ్లీ పెళ్లి సేసేసుకుంటాను" అని నవ్వింది.

తరువాత మాత్రలు. రోజుకొకటి, నెలకు ముప్పై, ఏడాది పాటు. నాన్న ముప్పై లెక్కపెట్టి, పాత పేపరులో పొట్లం కట్టి, కిటికీలోంచి ఇస్తూ, "రోజుకొకటి మింగాలి. మానకూడదు. తెలిసిందా?" అన్నాడు. ఆమె తలూపింది. అంతే చెప్పాడు. వెనక ఇంకో ఇరవైమంది నిలబడి ఉన్నారు.

ఆ రెండోరోజే వాళ్ల ఊళ్లో కొర్రకొత్త. కొత్త కొర్రలు దేవతకు పెట్టకుండా ఎవరూ నోట పెట్టరు. పెట్టిన రోజు ఊరంతా పండగ. నన్ను పంపమని సోంబారప్ప బతిమాలింది. నాన్న సరేనన్నాడు. అమ్మ మాత్రం జీడిపప్పు, అటుకులు మూట కట్టిచ్చి, అక్కడ మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టనని నా చేత ఒట్టు పెట్టించుకుని పంపింది. నేను వెళ్లగానే ఒట్టు మరిచిపోయాను. కొర్రన్నం పొగలు కక్కుతుంటే, చిక్కుడు గింజల పులుసు, వెదురు కొమ్ముల కూర, కాల్చిన ఎండుచేప వాసనలు ఒకదాని మీద ఒకటి వస్తుంటే ఎవరికి గుర్తుంటుంది? "ఊరిగుంటకి మా అంబలి గొంతు దిగుతాదేటి?" అని ఆడవాళ్లు నవ్వారు. దిగింది. రెండు డొప్పలు దిగింది.

తిండి ముందు ఒక పని జరిగింది. ఊరిపెద్ద సుక్రా తాత దేవత రాయి ఎదుట పదకొండు అడ్డాకులు వరసగా పరిచాడు. వేటకు పోయి తెచ్చిన మాంసమైనా, పట్టిన తేనె అయినా, బయటి నుంచి ఊళ్లోకి ఏది వచ్చినా అలా పోగులు పెడతారు. వేటకు వెళ్లినవాడికీ, మంచం దిగనివాడికీ ఒకటే పోగు. కళ్ల ముందు పది మంది ఉండగా ఒక్కరే తినడం ఆ ఊళ్లో ఊహించలేని సిగ్గు. తాత ఆ రోజు పోగులు పెట్టింది మాత్రలకు. సోంబారప్ప పొట్లం విప్పి ఆయన చేతిలో పోసింది. ఆకుకు రెండు చొప్పున పడ్డాయి. ఎనిమిది మిగిలాయి. ఊళ్లో దగ్గుతున్నవాళ్లు ఏడుగురు. వాళ్లకు తలా ఒకటి ఎక్కువ. సోంబారప్ప ఆ ఏడుగురిలో ఒకతె. అంటే ఆమెకు మూడు. చివరిది తాత నా అరచేతిలో పెట్టాడు. "సుట్టానికి" అన్నాడు.

నాన్న ఏం చెప్పాడో నాకు తెలుసు. కిటికీ ఇవతల నేనూ ఉన్నాను. అయినా అందరూ నా వైపే చూస్తుంటే, అంత మర్యాద నాకు అంతకుముందు ఎవరూ చేయలేదు కాబట్టి, అంబలితో ఆ మాత్ర మింగేశాను.

నాలుగు రోజులకు ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. మాత్రలు అయిపోయాయని చెప్పింది.

"ఏటి సేసినావే నెల మందులు?" అన్నాడు నాన్న. కోపం వస్తే ఆయనకు మా ఊరి మాట వచ్చేసేది.

"అయిపోనాయి బాబూ."

డాక్టరు వరండాలోంచి విన్నాడు. "సంతలో అమ్మేసుంటుంది. లేదంటే గుప్పెడు ఒకేసారి మింగేసుంటుంది. వీళ్లింతే" అన్నాడు. నెల తిరిగే దాకా రావద్దన్నాడు. నెల తిరిగింది, ముప్పై ఇచ్చారు, మళ్లీ పదకొండు ఆకుల మీద పడ్డాయి. మూడోసారి వచ్చినప్పుడు డాక్టరు ఆమె కార్డు మీద ఎర్ర సిరాతో "మందులు సరిగా వాడదు" అని రాసి పేరు కొట్టేశాడు. మందులు కొరతగా ఉన్నాయి, వాడేవాళ్లకే ఇవ్వాలి, అది నియమమట. కొరత నిజం. కానీ పొంగే గెడ్డ దాటి అరవై సూదులు వేయించుకున్న మనిషి మాత్ర మింగడానికి బద్ధకించిందని ఆయన ఎలా నమ్మాడు? ఎందుకు అయిపోయాయని ఒక్కసారి అడిగి ఉంటే ఆమె చెప్పేది. దాచాల్సినదేదో తాను చేసిందని ఆమె అనుకోలేదు. చెప్పి ఉంటే ఆ కొండ మీద ఇంకా ఆరుగురు దగ్గుతున్నారని కూడా తెలిసేది. అడగడానికి ఖర్చులేదు, జిల్లా నుంచి అనుమతీ అక్కర్లేదు. నాన్ననూ నేను వదలను. ఆయనకు వాళ్ల భాష వచ్చు.

నన్ను నేనూ వదలను. చెబితే అక్కడ తిన్నానని అమ్మకు తెలుస్తుంది, ఆ ముప్పైలో ఒకటి మింగానని నాన్నకు తెలుస్తుంది. రెండు నెలలు నోరు మూసుకున్నాను. పేరు కొట్టేసిన రోజున ఆమె పనసచెట్టు కింద చాలాసేపు నిలబడి, మా పెరట్లోకి రాకుండానే వెళ్లిపోయింది. తరువాత మూడు సంతలకు దిగలేదు. నాలుగో సంతనాడు నేను ఏడుస్తూ నాన్నకు అంతా చెప్పాను.

నాన్న కొట్టలేదు. తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్లాడు. కొట్టేసిన పేరు మళ్లీ ఎక్కించాలంటే పై నుంచి కాగితం రావాలని డాక్టరు అన్నాడు. తనకు బదిలీ కావస్తోందని కూడా అన్నాడు. ఆ మధ్యాహ్నం నాన్న అలమారలోంచి ముప్పై మాత్రల పొట్లం ఒకటి తీసి జేబులో పెట్టుకున్నాడు. రాతకోతలు లేకుండా ఆయన తీసిన మందు జీవితం మొత్తంలో అదొక్కటే. నన్ను వెంటబెట్టుకుని కొండ ఎక్కాడు.

సోంబారప్ప గోడవారగా పడుకుని ఉంది. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. నన్ను చూసి, "ముక్కు ఉందేటే ఇంకా?" అంది. నాన్న సుక్రా తాతను కూర్చోబెట్టి, ఈ మందు పంచితే ఎవరికీ పనిచెయ్యదని, ఒక్కరే రోజూ తింటేనే బతుకుతారని, దగ్గేవాళ్లంతా దిగి వచ్చి వేరేగా పరీక్ష చేయించుకోవాలని, మొదటిసారి, నిదానంగా, వాళ్ల మాటల్లో చెప్పాడు.

"బాలింత కారం మేం పంచుకోం బాబూ" అన్నాడు తాత. "ఇత్తనాలు పంచుకోం. అయి ఎవలియి ఆళ్లకే. ఇదీ అలాటిదేనని ఓ మాట సెప్తే సాలును కదా. మేమే కాపలా కాసీవోళ్లం."

నాన్న పొట్లం ఆయన చేతిలో పెట్టాడు. దిగేటప్పుడు దారంతా నా చెయ్యి వదల్లేదు.

పుష్యంలో, రాగుల నూర్పులు అయ్యాక, సుక్రా తాత కర్ర పట్టుకుని ఆసుపత్రికి దిగాడు. కిటికీ దగ్గర నిలబడి, అడ్డాకులో మడిచిన పొట్లం నాన్న చేతికిచ్చాడు. అందులో పదమూడు మాత్రలున్నాయి.

"సోంబారియి" అన్నాడు. "రోజుకొకటి ఏసినాం. ఆ తరవాత మనిషి లేదు. ఇయి ఎవలం ముట్టలేదు బాబూ."

నాన్న చనిపోయి చాలా కాలమైంది. ఈ మధ్య నేను ఆ కొండకు వెళ్లాను. ఊరి దాకా సిమెంటు రోడ్డు, ఆటోలు. రోజూ నడిచి దిగే దారి తుప్పల్లో కలిసిపోయింది. వేట లేదు, పోగులు లేవు, ఆకులు పరిచే పెద్ద లేడు; కోడిమాంసం ఎవరికి వాళ్లు సంచుల్లో తెచ్చుకుంటున్నారు. పదకొండు గడపల్లో సోంబారి పేరు గుర్తున్న మనిషి ఒక్కరూ దొరకలేదు. పాత ఆసుపత్రి కూలగొట్టి కొత్తది కట్టారు. పనసచెట్టు కూడా లేదు. పాత కార్డులేమయ్యాయని అడిగితే, చెదలు పట్టి ఎప్పుడో తగలబెట్టారన్నారు.

కాబట్టి ఎర్ర సిరాతో రాసిన ఆ మాట ఇప్పుడు ఎక్కడా లేదు. అది పోయినందుకు నాకు తృప్తి లేదు. దాన్ని ఎవరైనా కొట్టేసి, కింద నిజం రాసి ఉండాల్సింది: అరవై సూదుల్లో ఒక్కటీ తప్పలేదు. ఇచ్చిన మాత్ర ఒక్కటీ వృథా చేయలేదు. ఎలా వాడాలో ఆమెకు మేం చెప్పలేదు.