పగిలిన బకెట్టులో పుట్టిన పుదీనా

అడుగు పగిలిన నీలం బకెట్టులోంచి గుప్పెడు పుదీనా కోయడం, వీధంతా అత్తమ్మ అని పిలిచే ఆవిడ సాధించిన మొదటి విజయం. ఇంతేనా అనకండి, దానికి మూడేళ్లు పట్టింది. మొదటి ఏడాది గింజలు చల్లితే మొలవలేదు. రెండో ఏడు మొలిచినవి ఎండకు మాడిపోయాయి. మూడో ఏడు మిల్లు క్యాంటీన్ వంటావిడ, "గింజలెందుకు వదినా, కణుపున్న కాడ నీళ్లలో పెట్టు, వేరు అదే దిగుతుంది" అంది. దిగింది.

పందొమ్మిదేళ్లలో ఆ ఒక్క కాడ డాబా మీద ముప్పై ఒక్క తొట్లయింది. ఆవిడ చదివింది ఐదో తరగతే. అయినా వీధిలో ఎవరికి కడుపు ఉబ్బరించినా, ముక్కు దిబ్బడేసినా ముందు తట్టేది ఆవిడ తలుపే. మిల్లులో మూడు షిఫ్టుల టీలోకీ ఆకు ఆవిడదే. ఎర్రకాడ, సన్నాకు, వీధి మలుపు దాకా వాసన. బజారులో ఆ రకం వెతికినా దొరకదు.

ఈ ఫిబ్రవరిలో ఒక ఆకు తిరగేస్తే కింద నారింజ రంగు చుక్కలు కనిపించాయి. రుద్దితే పొడి వేలికంటింది. నాలుగో రోజుకల్లా తొట్లన్నీ అంతే. విత్తనాల కొట్టాయన వచ్చి చూశాడు.

"తుప్పు తెగులమ్మా."

"తుప్పు నా బస్సుకే పడుతుందనుకున్నాను, ఆకుక్కూడానా!" అని ఆవిడ భర్త, రిటైరైన డ్రైవరు, నవ్వబోయి ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు.

"రాలిన ఆకులేం చేస్తున్నారు?" అడిగాడు కొట్టాయన.

"ఎరువవుతుందని తొట్లోనే కప్పుతాను."

"అక్కడే దెబ్బతిన్నారు. తెగులు వాటిలోనే కాపురం పెట్టింది."

వీధి వీధంతటికీ ఆవిడే గొప్పగా నేర్పిన పద్ధతి అది.

"ఆకంతా కోసి కాల్చేయండి. మట్టిలో తెల్లకాడలుంటాయి. వాటిని కడిగి నలభై నాలుగు డిగ్రీల నీళ్లలో పది నిమిషాలుంచి, కొత్త మట్టిలో పాతండి. వేడి ఎక్కువైతే ఉడికిపోతాయి, తక్కువైతే తెగులు బతుకుతుంది."

సరిగ్గా తొమ్మిది రోజుల్లో ఆవిడకు మోకాలి ఆపరేషన్. తప్పితే మళ్లీ మూణ్నెల్లు ఆగాలి.

ఆవిడ భర్త జ్వరం చూసే థర్మామీటరు పట్టుకొచ్చాడు. "ఇది నలభై రెండు దాటదండీ! పుదీనాకి మాత్రలు కూడా వేస్తారా ఏం?" అని కసిరింది. వంటావిడే పాల వేడి చూసే థర్మామీటరు తెచ్చిచ్చింది.

గంగాళంలో కాడలు మునిగాయి. ముల్లు నలభై ఆరుకెక్కింది. చెంబెడు చన్నీళ్లు పోసింది. నలభై మూడుకు జారింది.

"వేణ్నీళ్లండీ, త్వరగా! ఇంకెంతసేపు?"

"నాలుగు నిమిషాలు."

"ఇందాకా నాలుగే అన్నారు!"

"ఇందాక అయిదన్నాను. గడియారం నా చేతిలో ఉంది, నీ చేతిలో కాదు."

పాతడం మొదలుపెట్టింది నీలం బకెట్టుతోనే. ఇక రోజూ కాలీడుస్తూ డాబా ఎక్కడం, మట్టిని చూసి దిగడం. ఎనిమిదో రోజుకీ ఏమీ లేదు. తొమ్మిదో పొద్దున మళ్లీ ఎక్కి, మెట్లమీద కూలబడింది.

"ఉడికించేశానేమో. మొలక చూడందే కదలను."

"నువ్వు కూర్చుంటే మొలుస్తుందా? ఈ మోకాలుతో రేపు నీళ్లెవరు పోస్తారే?"

ఆవిడ ఒక్కో మెట్టూ కూర్చునే దిగింది.

ఆపరేషన్ బాగా జరిగింది. నాలుగో రోజు ఆసుపత్రి మంచం మీదుండగా ఫోను మోగింది.

"బకెట్టులో మూడొచ్చాయి. ఎర్రకాడే."

"ఆకు కింద చూశారా?"

"చూశాను."

"రుద్దారా?"

"ఆగు." అవతల మెట్ల చప్పుడు, ఆయాసం. ఆవిడ దుప్పటి అంచు పిడికిట్లో బిగించింది. "రుద్దాను. వేలికేం అంటలేదు. వాసన మాత్రం అంటింది."

"రాలిన ఆకు ఒక్కటి కూడా తొట్లో ఉంచకండి. నేనొచ్చేదాకా ఎవరికీ కోసివ్వకండి."

"ఎప్పుడు పంపుతారట?"

అత్తమ్మ మంచానికి కట్టిన చీటీ తిప్పి చదివింది: మార్చి పద్నాలుగు.