కంప్యూటర్‌కు కప్పిన దుప్పటి

ఎనిమిదో తరగతితో చదువు ఆపేశాను. ఆ రోజు లెక్కల సారు స్వీట్లు పంచాడని మా అన్న ఇప్పటికీ అంటాడు. తరువాత కొన్నేళ్ళు ఒక కంప్యూటర్ దుకాణంలో స్క్రూలు బిగించాను. ఆ విద్య చేతికి వచ్చాక శేరిలింగంపల్లి వైపు సొంతంగా ఒక షట్టరు కిరాయికి తీసుకున్నాను. వచ్చినవాళ్ళను నవ్వించకుండా పంపకపోవడం నా వ్యాపార రహస్యం. ఆ రహస్యమే ఒక మనిషి ఉద్యోగం తీసింది. ఈ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

అవి తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు లేవు, బడులు లేవు. గనుల్లో బొగ్గు తీసేవాళ్ళు లేక కరెంటు కూడా వచ్చినప్పుడే వచ్చినట్టు. రోడ్ల మీదే వంటలు, రోడ్ల మీదే బతుకమ్మలు. నేనూ షట్టరు సగం దించి, వెళ్ళి నాలుగు నినాదాలు ఇచ్చి వచ్చేవాణ్ణి.

ఖాజాగూడలో మా ఇంటి పైగదిలో గోదావరి వైపు నుంచి వచ్చిన ఒకాయన, వాళ్ళమ్మ కిరాయికి ఉండేవారు. ఇంకా పునాది కూడా తీయని అపార్టుమెంట్లను కట్టేసినట్టు కంప్యూటర్‌లో చూపించడం ఆయన పని. కోకాపేట రాళ్ళ మధ్య ఈతకొలనూ, పచ్చికా, సైకిలు తొక్కే పిల్లలూ ఆయన వేళ్ళలోంచి పుట్టేవారు. గొడవల్లో ఫ్లాట్లు కొనేవాళ్ళు లేకపోవడంతో ఆయన ఆఫీసు మూతపడే దశకు వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆయన నా దుకాణానికి వచ్చాడు. బయట నలుగురిలో మాట్లాడితే యాస తెలిసిపోతుందని, లోపలికి వచ్చేదాకా నోరు విప్పలేదు.

"తమ్ముడూ, వచ్చే సోమవారం పొద్దున్నకి రెండు నిమిషాల సినిమా ఇవ్వాలండి. ముగ్గురం చేస్తున్నాం. ఒక్కణ్ణే ఉంచుకుంటారట."

"మిగిలిన ఇద్దరు?"

"ఊరికి పోదామన్నా బస్సులు లేవు కదండీ" అని నవ్వబోయి, మధ్యలో ఆపేశాడు.

ఇంట్లో ఉన్న పాత డబ్బా మీద ఆ పని నెల పడుతుంది. కొత్తది కావాలి, అదీ అందుబాటు ధరలో. ఆయన అడిగిన ప్రాసెసర్‌ను నేను ముందే చీటీలోంచి కొట్టేశాను. దానికన్నా ఒక మెట్టు కిందిది తీసుకుందామన్నాను. వేగం పెంచుకోవడానికి కంపెనీవాళ్ళే తాళం తీసి ఇచ్చే రకం అది. 3.3 గిగాహెర్ట్జ్ మీద నడవాల్సినదాన్ని 4 మీద నడిపిస్తే చాలు.

"కాలిపోదూ?"

"దౌడు తీయిస్తలేమన్నా. జర పెద్దడుగు ఏయిస్తున్నం, గంతే."

పెద్దడుగు వేస్తే చెమట పడుతుంది కాబట్టి, ఆ వేడిని బయటికి తోలడమే అసలు పని. ప్రాసెసర్‌తో వచ్చే చిన్న ఫ్యాను చాలదని దాని అట్టపెట్టెలోనే వదిలేశాను. ఆయన ఎక్కడో చదివి, నీళ్ళతో చల్లబరిచేది పెట్టిద్దామన్నాడు.

"మనకే నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తున్నయి. దీనికేడికెళ్ళి తేవాలె?"

ఈసారి నవ్వాడు. అల్యూమినియం రేకులను దొంతరగా పేర్చి, వాటి మధ్య నుంచి రాగి గొట్టాలు దూర్చి, పక్కన అరచేయి కన్నా పెద్ద ఫ్యాను బిగించిన కూలరు ఎంచాను. ఖర్చు తగ్గుతుందని కరెంటు సప్లై డబ్బా చవకది వేయమన్నాడు.

"గడ్డి తగ్గించి ఎద్దును దున్నుమంటే దున్నుతదా అన్నా?" అన్నాను. మంచిదే వేయమన్నాడు.

బంద్ రోజున సికింద్రాబాద్ మార్కెట్‌కు గల్లీల్లోంచి బండి మీద వెళ్ళి, సగం దించిన షట్టర్ల కింద నుంచి అన్నీ తెచ్చాను. క్యాబినెట్ మాత్రం పైకప్పు మొత్తం జాలీ ఉన్నది పట్టుబట్టి తీసుకున్నాను. వేడి పైకే పోతుంది కదా. ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు శెనగగింజంత పెట్టి కూలరు బిగించి, నాలుగు గంటలు నడిపి చూశాను. దుకాణంలో వేడి 68 డిగ్రీలు దాటలేదు. ఆయన గదిలో, ఎండకు కాగిన స్లాబు కింద 81 చూపించింది. వేగం ఒక మెట్టు దించితే 74 దగ్గర నిలబడింది. ఇన్వర్టరు కూడా కలిపాను. ఆ జాలీ మీద చెయ్యి పెట్టి, బయటికొచ్చే వెచ్చటి గాలిని చూసుకుని మురిసిపోయాను.

అప్పుడు వాళ్ళమ్మ టీ తెచ్చింది. తెర దానంతటదే ఆరిపోయి ఉంది.

"ఏం బాబూ, పడుకుందా ఇది?"

"పడుకున్నదమ్మా. పొద్దటి సంది కష్టపడ్డది."

"మరి దుమ్ము పడదూ? పాతదానికైతే నేను గుడ్డ కప్పేదాన్ని."

నిజమే, ఆ రోజుల్లో ప్రతి ఇంట్లో కంప్యూటర్‌కు ఒక గౌను ఉండేది. ఆపగానే తొడిగేవారు. నేను ఊరుకుంటే బాగుండేది.

"గుడ్డ ఏం సరిపోతదమ్మా గింత మంచి మిషనుకు? దుప్పటి కప్పు. లేకుంటే సర్ది చేస్తది."

ఆమె నవ్వలేదు. ఆమె వంతు కూడా నేనే నవ్వి, గ్లాసు ఇచ్చి దిగిపోయాను.

శుక్రవారం పొద్దున్న ఆయన పని మొదలుపెట్టాడు. గీసిన బొమ్మలన్నిటినీ యంత్రం ఒకే సినిమాగా అల్లాలి. అరవై గంటలు పడుతుంది. మధ్యలో తెగితే మళ్ళీ మొదటి నుంచే. శనివారం మధ్యాహ్నం యజమాని ముగ్గురినీ రమ్మన్నాడు. ఆటోలు లేక ఆయన నడిచే వెళ్ళాడు. వెళ్తూ వాళ్ళమ్మతో, "అమ్మా, దీన్ని జాగ్రత్తగా చూసుకో" అన్నాడు.

ఆమె జాగ్రత్తగానే చూసుకుంది.

నాలుగింటికి నేను ఇంట్లోనే ఉన్నాను. మెట్ల మీద నుంచి ఆయన కేక విని పరుగెత్తాను. తెర నల్లగా ఉంది. క్యాబినెట్ మీద రెండు మడతలు వేసిన దుప్పటి. పసిపిల్లకు దోపినట్టు అంచులు చుట్టూ దోపి ఉన్నాయి. తీస్తే లోపలి నుంచి పెనం మీంచి వచ్చేలాంటి సెగ వచ్చింది. ఏదీ కాలలేదు. మరీ వేడెక్కితే తనను తాను ఆపేసుకునే తెలివి దానికి ఉంది. ఆగి ఎంతసేపైందో తెలియదు. సినిమా మాత్రం తెగిపోయింది.

"ఎవరు చెప్పారమ్మా నీకు, దుప్పటి కప్పమని? ఎవరు చెప్పారు?"

ఆయన అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. ఆమె నా వైపు చూసింది. ఎక్కువసేపు కాదు.

"ఎవరు చెప్తార్రా. తెర ఆరిపోతే పడుకుందనుకుని, దుమ్ము పడుతుందని నేనే కప్పాను."

నేను చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని, స్క్రూడ్రైవరు కోసం వెతుకుతున్నాను.

సోమవారం పొద్దున్నకి మిగిలింది నలభై గంటలు. వేగం పెంచమని ఆయన బతిమాలాడు. పక్క రేకు ఊడదీసి, టేబుల్ ఫ్యాను పెట్టి, దించిన మెట్టు మళ్ళీ ఎక్కించాను. ఈసారి ముక్కలు ముక్కలుగా అల్లించాడు. ఆదివారం కరెంటు పోయి చాలాసేపటి దాకా రాలేదు, ఇన్వర్టరు చేతులెత్తేసింది. సోమవారం ఆయన పట్టుకెళ్ళిన సినిమాలో గేటూ, తోటా, లిఫ్టూ ఉన్నాయి. ఇల్లు లేదు.

ఆ నెలాఖరుకు గది ఖాళీ చేశారు. గల్లీ చివర చాయ్ దగ్గర మా దోస్తులు, "చూసినవా, ఉద్యమం దెబ్బకు మూటలు సర్దుకున్నరు" అని చేతులు చరుచుకున్నారు. నన్ను అడిగితే "అవ్" అన్నాను. ఆ ఇంట్లో తప్పు వాళ్ళమ్మ మీదికి పోయింది, గల్లీలో ఉద్యమం మీదికి. నా మీదికి రాలేదు.

సామాను వ్యానుకు ఎక్కించేటప్పుడు ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. క్యాబినెట్‌ను నేనే మోసుకొచ్చి, పరుపుల మధ్య నిలబెట్టాను. వాళ్ళమ్మ ఆ దుప్పటే చేతిలో పట్టుకుని నా పక్కన నిలబడింది.

"వాడితో చెప్పలేదు బాబూ. ఈ ఊళ్ళో వాడు తమ్ముడూ అని పిలిచింది నిన్నొక్కణ్ణే."

ఆమె దుప్పటి విప్పి, నిజంగానే తెలియక అడిగింది.

"ఇప్పుడు కప్పొచ్చా?"

"కప్పొచ్చమ్మా" అన్నాను. ఆమె కప్పింది. జాలీ మీదుగా తాడు నేనే కట్టాను.