లోకల్ కోడె

మల్యాలలో రాజం పేరు చెబితే పశువులున్నవాళ్ళు ముందు అతని మోటర్ సైకిల్‌నే తలుచుకుంటారు. వెనక సీటుకు తాళ్ళతో కట్టిన పొగలు కక్కే క్యాను, అందులో గొట్టాల్లో గడ్డకట్టించిన కోడెల వీర్యం. జగిత్యాలలో శిక్షణ తీసుకుని పదకొండేళ్ళుగా ఊరూరా ఆవులకు సూదులు వేస్తున్నాడు. మనుషులతో మాట్లాడడం అతనికి అంతగా రాదు. ఆవు నడుము మీద చెయ్యేస్తే మాత్రం దాని తల్లి సంగతి కూడా చెబుతాడు.

దేవవ్వ పెయ్య అతన్ని మూడుసార్లు ఓడించింది. సూది వేసిన ఇరవై ఒకటో రోజుకల్లా మళ్ళీ ఎదకు వచ్చేది. కూలి చేసుకునే దేవవ్వ దాన్ని సిరిసిల్ల అవతల ముస్తాబాద్ నుంచి కొని తెచ్చుకుంది. ఆమెకున్న ఆస్తి అదొక్కటే.

“దీని రక్తంల ఏమన్న దోషమున్నదా తమ్మీ?”

“కొంత ఉన్నదక్కా. దీని తల్లి గూడ ఆలస్యంగనే చూలు కట్టిందట. గని నువ్వేమో రేకుల కింద కట్టేసి ఉత్త వరిగడ్డి ఏస్తవు. రక్తం సగం, రేకులు సగం.”

“నా సగం నేను మార్చుకుంట. దాని సగం ఎవలు మారుస్తరు?”

కోరుట్ల అంగడి బేరగాడు అప్పటికే వచ్చి పెయ్య తొడలు నొక్కి చూసిపోయాడు. ఈసారీ కట్టకపోతే కోతకే.

అంతలో సకల జనుల సమ్మె వచ్చిపడింది. రోడ్డు మీద టెంటు వేసి రోజూ వంటావార్పు. వంటకు కుదిరిన దేవవ్వ, పెయ్యను కూడా తెచ్చి టెంటు వెనక నీడలో కట్టేసింది. ఆనపకాయ తొక్కలు, కొత్తిమీర కాడలు, రైతులు ఉద్యమానికిచ్చిన మక్కకంకుల పొట్టు, అన్నిట్లో దానికీ వాటా దక్కింది. నెల తిరిగేసరికి ఒళ్ళు నిగనిగలాడింది. ముప్పై రెండో రోజు పొద్దున ఉపన్యాసం మధ్యలో ఎదకొచ్చి గట్టిగా అరిచింది. మైకు ముందున్న పెద్దమనిషి అది నినాదమనుకుని “జై తెలంగాణ” అన్నాడు.

సాయంత్రం రాజం వచ్చాడు. సమ్మెతో సరఫరా ఆగిపోయి క్యానులో ఒక్క గొట్టమే మిగిలింది. దాన్ని గోరువెచ్చని నీళ్ళలో వేశాడో లేదో, విద్యార్థి నాయకుడు కుమార్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

“అన్నా, గిది ఏం జాతి?”

“ఒంగోలు.”

టెంటంతా లేచి నిలబడింది.

“ఆంధ్రా కోడెనా! మన టెంట్లనా! ఇజ్జత్ పోతదన్నా!”

“పావుగంట దాటితే పనికిరాదు, ఇడువు తమ్మీ,” అన్నాడు రాజం, చెమటలు కక్కుతూ.

దేవవ్వ గరిటెతోనే వచ్చింది. “నీ ఇజ్జత్ తెచ్చి నా పెయ్య కడుపుల దాసుకున్నవా? నెల దినాలు నా చేతి బువ్వ తింటివి గదరా!”

కోర్టు బహిష్కరించి వేదిక మీద కూర్చున్న వకీలు గోపాల్ రావు కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

“గా కోడె ఏడ పుట్టింది రాజం?”

“ఒంగోలు దిక్కే సార్. దూడప్పుడే మన జిల్లాకు తెచ్చిండ్రు. ఎనిమిదేండ్లాయె. మన గడ్డే, మన నీళ్ళే.”

“నౌకర్ల రూలు ప్రకారం నాలుగేండ్లు ఈడ సదివితే లోకలే.”

“కోడె ఏడ సదివింది సార్?” అన్నాడు కుమార్.

“సదువు లేనోల్లకు నివాసం జూస్తరు. చేతులెత్తుండ్రి!”

తీర్మానం నెగ్గేసరికి పన్నెండు నిమిషాలు. మిగతా మూడు నిమిషాల్లో రాజం పని ముగించాడు. పెయ్య తోకను కుమార్ చేతే పట్టించింది దేవవ్వ.

సమ్మె ముగిసింది, టెంటు లేచింది. సూది వేసిన ఇరవై ఒకటో రోజు పెయ్య అరవలేదు. అయినా బేరగాడు రెండుసార్లు వచ్చిపోయాడు. సంక్రాంతి ముందు రాజం భుజం దాకా చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు వెతికాడు.

“కట్టిందక్కా.”

దేవవ్వ పెయ్య గంగడోలు నిమిరింది. “రక్తమా తమ్మీ, మేతనా?”

“రెండూ. ఈనేదాక మేత తప్పనియ్యకు.”

ఆమె నేరుగా గోపాల్ రావు ఇంటికి పోయింది.

“దొరా, మల్ల సమ్మె ఎప్పుడు వెడ్తరు?”

సంగతంతా విని గోపాల్ రావు, తన మక్కచేనులో పెయ్య మేతకు సొప్ప కోసుకుపొమ్మన్నాడు. ఆమె కొడవలి వెంట తెచ్చుకునే వచ్చింది.