చిన్నాన్న నాడి లెక్క

నా చిన్నప్పుడు, పదకొండో ఏట, సరిగ్గా లెక్కపెట్టిన ఒక అంకెను మార్చి చెప్పబోయాను. ఆ అంకె ముప్పై ఒకటి.

పుంగనూరు దగ్గర మా చేలో వేరుశనగ ఊడలు దిగుతున్న రోజులు. ఫాల్గుణ మాసం, మంగళవారం. బావి మోటారుకు కరెంటు ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా, మూడే గంటలు. పదింపావుకు ఫ్యూజు పోయింది. తొందరలో మా చిన్నాన్న మెయిన్ ఆపకుండా, తడికాళ్ళతోనే కొత్త తీగ కట్టబోయాడు. చెయ్యి పెట్టెకు అతుక్కుపోయింది. మా తాతయ్య ఎండిన వెదురు గెడతో కొట్టి విడిపించేసరికి నేలమీద పడి కళ్ళు తేలేశాడు.

కరెంటు కొట్టిన మనిషిని మట్టిలో పూడిస్తే నేల ఆ కరెంటును లాగేస్తుందని మా ఊళ్ళో నమ్మకం. కాలువ గట్టున గొయ్యి తీసి నడుము దాకా పూడ్చారు. అంతలో ఆయన కళ్ళు తెరిచి, "యాల పూడుస్తాండారు? నేనింకా సావలేదప్పా" అన్నాడు. అందరూ నవ్వారు. మట్టి పనిచేసిందన్నారు.

పక్కింటి అక్క మాత్రం నవ్వలేదు. ఆమె మదనపల్లెలో నర్సు, సెలవుకు వచ్చి ఉంది. కేక విని చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చింది. ఆయన్ని మట్టిలోంచి పైకి తీయించి, అరచేతిలో నల్లటి మచ్చ చూసి, మణికట్టు పట్టుకుంది. ఆసుపత్రికి పోదామంది.

"ఇంత మచ్చకు ఆసుపత్రా? ఇంకా నాలుగు మళ్ళు పారాల. కరెంటు పోతే నువ్వొచ్చి కడవలతో పోస్తావా?" అన్నాడు చిన్నాన్న.

అక్క వాదించలేదు. గడియారం విప్పి నా చేతిలో పెట్టింది. "ఎక్కాల్లో ఈ పాప తప్పదని ఊరంతా సెప్పేది నువ్వే గదన్నా. ఈమెనే లెక్కబెట్టనీ."

నా మూడు వేళ్ళు నాడి మీద పెట్టి, మామూలుగా నలభైకి అటూ ఇటూగా, సమంగా రావాలని చెప్పి, అర నిమిషం లెక్కపెట్టమంది. కొట్టుకుంది, కొట్టుకుంది, ఆగింది. నేనూ ఊపిరి బిగబట్టాను. తరువాత రెండు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు వచ్చాయి. మళ్ళీ ఖాళీ. అర నిమిషానికి ముప్పై ఒకటి. చిన్నాన్న నాకు కన్ను గీటాడు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా ముఖమే చూస్తోంది. నేనే ఎక్కడో తప్పానేమో అనుకున్నాను. 'నలభై' అన్న మాట నాలుక చివరికి వచ్చింది.

అక్క నా చెవిలో, "వచ్చినంతే సెప్పు పాపా. కలపొద్దు, తీయొద్దు" అంది.

"ముప్పై ఒకటి. మధ్యలో కొన్ని యాడికో పోయినాయి" అన్నాను.

చిన్నాన్న నవ్వు ఆగిపోయింది. మళ్ళీ పెట్టమన్నాడు. ఈసారి ముప్పై మూడు. ఆగిన మోటారు వైపు ఒకసారి చూసి, చొక్కా తొడుక్కున్నాడు.

రోడ్డు మీద పోతున్న చింతపండు వ్యాను ఆపి మదనపల్లెకు బయలుదేరాం. వేళ్ళు తియ్యొద్దని అక్క నన్నూ వెంట తీసుకెళ్ళింది. సగం దారిలో మూటల మీద కూర్చున్న చిన్నాన్న తల వాలిపోయింది. నా వేళ్ళ కింద ఏమీ లేదు. ఆ ఖాళీనే లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అక్క ఆయన్ని పడుకోబెట్టి గుండె మీద చెవి ఆనించింది. అయిదో అంకె నేను అనకముందే నాడి తిరిగి అందింది. కళ్ళు తెరిచి, "బావి గట్టున ఉండుంటే?" అని ఒక్క మాట అన్నాడు. నేను మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టాను.

ఆసుపత్రిలో ఒంటికి తీగలు తగిలించి, కాగితం మీద గీతలు తీశారు. నా వేళ్ళకు తెలిసిన ఖాళీలు ఆ గీతల మధ్య కూడా ఉన్నాయి. మందులిచ్చి మూడు రోజులు కనిపెట్టుకుని ఉన్నారు. మూడో రోజుకు ఖాళీలు పోయాయి.

నేను లెక్కపెడుతున్నంతసేపూ అక్క ఆయన రెండో చెయ్యి పట్టుకునే ఉందని తరువాత తెలిసింది. ఆమెకు వచ్చిందీ ముప్పై ఒకటే. "నాకు నీ లెక్క అక్కర్లేదు పాపా, ఆయనకు కావల్సొచ్చింది" అంది.

చిన్నాన్న ఆ తరువాత ముప్పై నాలుగేళ్ళు బతికాడు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా కూర్చోకముందే చెయ్యి చాచి, "ఎన్ని పోయినాయో సూడమ్మా" అనేవాడు. నిమిషం నిండా లెక్కపెట్టాకే కాఫీ ఇచ్చేదాన్ని.

ఇప్పటికీ ఎవరైనా పడి లేచి, నవ్వుతూ "నాకేం కాలేదు" అంటే, ముందు చెయ్యి ఇమ్మంటాను. నచ్చని అంకె వస్తే మరోసారి లెక్కపెడతాను. మార్చి మాత్రం చెప్పను.