టపాకాయలు ఆపించిన గంట

మా పాపకు ఏడేళ్లు. చప్పుడంటే భయం. మిక్సీ వేసే ముందు "వేస్తున్నానమ్మా" అని చెప్పాలి, తను చెవులు మూసుకున్నాకే వెయ్యాలి. చెవుల్లో ఏ లోపమూ లేదనీ, పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతుందనీ డాక్టరుగారు చెప్పి మూడేళ్లయింది. తగ్గలేదు. ఆ రోజు జరిగినదానికి ఈ భయమే మొదలు కాబట్టి ముందు దాని సంగతి చెబుతున్నాను. పాప పక్క గదిలో నిద్రపోతోంది. పగలైతే తన ముందు ఇది రాయలేను.

ఈ చలికాలం పాపకు గద్దల పిచ్చి పట్టింది. పట్టించింది నేనే. గుడివాడలో డిగ్రీ చదివినప్పటి నా జువాలజీ రికార్డు అటక సర్దుతుంటే దొరికింది. అందులో నేను గీసిన కొరమీను గద్ద బొమ్మ ఉంది. ఇది కాళ్లు ముందుకు చాచి నీళ్లలోకి దూకుతుందనీ, పట్టిన చేప జారిపోకుండా ఒక వేలిని వెనక్కి తిప్పుకోగలదనీ చెప్పాను. పాప తన చిటికెన వేలిని వెనక్కి తిప్పడానికి చాలాసేపు తంటాలుపడింది.

"ఇది నిజంగా ఉంటుందా, బొమ్మేనా?"

"ఉంటుంది. చలికాలంలో మన దివిసీమకే వస్తుంది. చూపిస్తాను."

అలా మాట ఇచ్చేశాను.

ఒక ఆదివారం తెల్లవారకముందే బందరులో బయలుదేరి నాగాయలంక చేరాం. మావారు, నేను, పాప. స్వెట్టరు, మంకీ క్యాప్, జ్వరం మందు, చెవుల్లోకి దూది, అన్నీ సర్దుకున్నాను. పడవలో మడ అడవుల వైపు వెళ్లాం. గరుడపక్షులు చాలానే కనిపించాయి. కొరమీను గద్ద ఒక్కటే ఉంది, అది కూడా దూరంగా నీళ్లలో పాతిన గుంజ మీద. బైనాక్యులర్స్ పాప కళ్లకు పెట్టి నేను తిప్పుతూనే ఉన్నాను. తనకు ఆకాశం కనిపించింది, నీళ్లు కనిపించాయి, పడవవాడి చెయ్యి కనిపించింది. ఈలోగా గద్ద లేచిపోయింది. పాప ఏడవలేదు. "పర్లేదులే అమ్మా" అంది. ఏడ్చినా బాగుండేది.

మధ్యాహ్నం భోజనానికి మా ఆడపడుచుగారి ఇంటికి వెళ్లాం. వాళ్ల ఊరు అక్కడికి దగ్గరే. వాళ్లకు చేపల చెరువులున్నాయి. మేం పడవెక్కిన సంగతి విని అన్నయ్యగారు, అంటే మా ఆడపడుచు భర్త, పకపకా నవ్వారు.

"దానికోసం సముద్రందాకా పోయారా? మా చెరువు మీదకి రోజూ దొంగతనానికొస్తది. నన్నడిగితే పిలిచి చూపించేవాణ్ణి కదమ్మా!"

"ఈయన పిలిస్తే ఇంట్లో మేమే పలకం, గద్ద పలుకుద్దా?" అంది వదిన, పప్పు వడ్డిస్తూ.

తిన్నాక అందరం చెరువు దగ్గరకు వెళ్లాం. అక్కడ కాపలా ఉండే పెద్దాయన పక్షుల్ని బెదరగొట్టడానికి పది నిమిషాలకోసారి టపాకాయ పేలుస్తున్నాడు. మొదటిది పేలగానే పాప కారులో సీటు కిందికి దూరిపోయింది. దూది పెట్టాను. నా చున్నీ తలకు చుట్టాను. ఎంత బతిమాలినా దిగలేదు.

పెళ్లయి తొమ్మిదేళ్లయినా నేను అన్నయ్యగారిని ఎన్నడూ ఏదీ అడిగి ఎరుగను. ఆ రోజు అడిగాను.

"ఒక్క గంట టపాకాయలు ఆపిస్తారా అన్నయ్యగారూ? పాప దిగుతుంది. గద్ద కూడా వస్తుందేమో."

"మా కోడలు పిల్లకంటే ఎక్కువా? ఆపించేస్తా. గంటలో ఎన్ని తింటాయిలే."

"ఆపితే ఊళ్లో కొంగలన్నీ బంతి భోజనానికి కూర్చుంటాయండీ," అన్నాడు కాపలా పెద్దాయన. అయినా అగ్గిపెట్టె జేబులో పెట్టేసుకున్నాడు.

చెరువు మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నైలాన్ దారాలు కట్టి ఉన్నాయి. అక్కడక్కడా మెరిసే రిబ్బను ముక్కలు వేలాడుతున్నాయి. అవి నాకు కనిపించలేదని చెప్పలేను. ఎందుకని కూడా అడిగాను. "కాకులకీ, నీటికాకులకీనమ్మా" అన్నారు అన్నయ్యగారు. నేను ఊరుకున్నాను. జువాలజీ చదివినదాన్ని.

చప్పుడు ఆగాక పాప దిగింది. నా చెయ్యి పట్టుకుని గట్టు మీద నిలబడింది. అరగంట గడిచిందో లేదో, బైనాక్యులర్స్ లేకుండా తనే కనిపెట్టింది.

"అమ్మా, అదే! నీ బొమ్మలోదే!"

తెల్లని పొట్ట, కంటి మీదుగా నల్లని చార. చెరువు నడిమధ్యకొచ్చి గాలిలో ఒకచోట నిలబడి రెక్కలు కొట్టుకుంది. పాప నా చేతిని గట్టిగా నొక్కింది. గద్ద ఒక్కసారిగా కాళ్లు చాచి రెండు దారాల మధ్య నుంచి నీళ్లలోకి దూకింది. చేపతో పైకి లేస్తూ రెక్కలు పూర్తిగా విప్పింది. అప్పుడు తగిలింది దారం. చేప జారిపోయింది. గద్ద తలకిందులైంది. ఒక రెక్కా ఒక కాలూ చిక్కుకుని, రెండో రెక్కతో నీళ్లను కొడుతోంది. కొట్టుకున్నకొద్దీ దారం బిగుసుకుంటోంది.

"మావయ్యా, విప్పండి," అంది పాప.

మేత వేసే పడవ అవతలి గట్టున ఉంది. పెద్దాయన గట్టు చుట్టూ పరుగెత్తాడు. మావారు ఫోను తీసి అటవీశాఖలో తెలిసినవాళ్లెవరైనా ఉన్నారేమోనని నంబర్లు వెతుకుతున్నారు. అన్నయ్యగారి ముఖం మాడిపోయింది.

"ఫోన్లెందుకు బావా! మళ్లీ కేసంటారు. నేను తీస్తున్నాగా."

ఆయన్ను తప్పు పట్టలేను. ఫోను చెయ్యండని మావారికి చెప్పలేకపోయాను, వద్దనీ చెప్పలేకపోయాను. నాకు ఈత రాదు. దాని దగ్గరకు వెళ్లి చెయ్యగలిగిందీ లేదు. పాప కళ్లు మూద్దామనుకున్నాను, తను నా చెయ్యి తోసేసింది.

"అమ్మా, టపాకాయలు పేలుస్తూ ఉంటే ఇది వచ్చేది కాదు కదా?"

"అదేం లేదు తల్లీ," అన్నారు మావారు. పాప ఆయన వైపు చూడలేదు. నా వైపే చూస్తోంది. కాదని నేను అనలేకపోయాను.

పడవ వచ్చింది. అన్నయ్యగారూ పెద్దాయనా వెళ్లారు. అన్నయ్యగారు తువ్వాలు కప్పి గద్దను ఒడిసి పట్టుకున్నారు, పెద్దాయన కత్తెరతో దారం కోస్తున్నాడు. ముందు రెండు పక్కలా దారం తెంచాడు, తర్వాత రెక్క విడిపించాడు. కాలి దగ్గరకు వచ్చేసరికి గోరు తువ్వాల్లోంచి అన్నయ్యగారి అరచేతిలో దిగింది. ఆయన కేకేసి వదిలేశారు. గద్ద నీళ్లకు తగులుతూ తగులుతూ లేచి, మడ అడవుల వైపు ఎగిరిపోయింది.

"ఎగిరింది! ఎగిరింది!" పాప గెంతులేసింది. మావారు చప్పట్లు కొట్టారు. వదిన "చెయ్యి, చెయ్యి చూడండి ముందు" అని అరుస్తోంది. అందరూ ఆ నెత్తురు చూస్తుంటే నేను గద్దను చూస్తూ ఉండిపోయాను. దాని కాలి నుంచి రెండు బారల దారం వేలాడుతోంది. చివర రిబ్బను ముక్క మెరుస్తోంది.

"పెట్టిన చేతినే పొడిచింది చూడండి, అచ్చం కొత్తల్లుడి బుద్ధి," అన్నయ్యగారు పసుపు అద్దించుకుంటూ నవ్వారు. ఇంజెక్షన్ చేయించుకోమని నేను రెండుసార్లు చెప్పాను.

మేం కారెక్కుతుంటే పాప కాపలా పెద్దాయన దగ్గరకు వెళ్లింది.

"పేల్చండి తాతా. అది మళ్లీ రాకూడదు."

"నీకు భయం కదమ్మా?"

"నేను చెవులు మూసుకుంటాగా."

ఆయన పేల్చాడు. పాప ఒళ్లంతా ఉలిక్కిపడింది. కానీ అక్కడే నిలబడింది.

మోపిదేవి దాటాక వెనక సీటులో లేచి కూర్చుంది. నిద్రపోయిందనుకున్నాం.

"అమ్మా, దాని కాలికి దారం ఉండిపోయింది. నువ్వూ చూశావు కదా?"

"చూశాను."

"ముక్కుతో తెంపేసుకుంటుందిలే," అన్నారు మావారు.

"తెంపుకోగలిగితే ఇందాకే తెంపుకునేది కదా నాన్నా."

ఆయన కారు పక్కకు తీసి ఆపారు. "వెనక్కి వెళ్దామా?" అని నన్ను అడిగారు. నిజంగానే అడిగారు.

"వెళ్లి?" అన్నాను.

ఆయన కారు మళ్లీ బందరు వైపే కదిలించారు.

"అది మడ చెట్ల మీద వాలకుండా ఉంటే చిక్కుకోదు కదమ్మా? వాలకుండా ఉంటుందా?"

చేప తినాలంటే అది ఎక్కడో ఒకచోట వాలి తీరాలి. ఆ సంగతి నా రికార్డులో నేనే రాసుకున్నాను.

"తెలీదమ్మా," అన్నాను.